అక్రోటు కర్రకు జవాబు

నా తుపాకికి కర్ర వద్దని అల్యూమినియం చాసిస్ ఎందుకు బిగించుకున్నావని అడిగిన వాళ్లందరికీ గురి కోసమనే చెప్పాను. లైసెన్సు కాగితాలు చూసే ఆఫీసరుకూ అదే చెప్పాను, మా బడి హెడ్మాస్టరుకూ అదే చెప్పాను. అందులో నిజం సగమే. చిట్యాల దగ్గర బత్తాయి తోటలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. అతన్ని అతని గడ్డ మీదే ఓడించాలి, అప్పుడు అతని మొహం ఎట్లా మారుతుందో దగ్గర నుంచి చూడాలి. మిగతా సగం అదీ. నాలుగేళ్లు నేను అన్నం కంటే ఎక్కువ ఆ కోరికనే తిన్నాను.

మాది రామన్నపేట. బాపు అక్కడి సామిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. తాతల కాలం నుంచి మాకు గుంట భూమి లేదు. ఉన్నదల్లా బాపు చేతుల్లోని పనితనమే. ఏ దుంగను ఎటు నుంచి కోస్తే పగలకుండా వస్తుందో వేలితో కొట్టి చెప్పేవాడు. నేను చదువుకొని, తెలంగాణ వచ్చాక పడిన నోటిఫికేషన్లో వ్యాయామ టీచరునయ్యాను. పొద్దంతా ఆడపిల్లల చేత కబడ్డీ, ఖోఖో ఆడించడం నా ఉద్యోగం. తుపాకి పిచ్చి మాత్రం కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో అంటుకుంది. బోర్లా పడుకొని, ఊపిరి బిగబట్టి, యాభై మీటర్ల అవతల అట్ట మీద పప్పుగింజంత నల్లచుక్కను కొట్టడం. అది మొదటిసారి తగిలిన రోజున ఇంటికి వచ్చి అన్నం కూడా తినకుండా అందరికీ చెప్పుకున్నాను.

చిట్యాల హైవే దిగి రెండు కిలోమీటర్లు పోతే ఆ తోట. తోట చివర ఎత్తుగా మట్టికట్ట పోయించి, దాని ముందు గురి అట్టలు పెట్టించి, రైఫిల్ క్లబ్ నడిపేవాడు ఆ పెద్దమనిషి. అందరూ ప్రెసిడెంట్ సార్ అనేవాళ్లు. ఊళ్ల నుంచి వచ్చే పాతవాళ్లు పటేలా అనేవాళ్లు. ఏటా దసరా తెల్లవారి అక్కడ పోటీ జరిగేది. గెలిచిన ఒక్కరినే క్లబ్ తరఫున రాష్ట్ర పోటీకి పంపేవాళ్లు. ఆ ఒక్కరూ ఎవరో వేరే చెప్పాలా? నేను చేరేనాటికి వరసగా ఆయనే పోతున్నాడు. మంచి షూటరే. ఆ మాట కాదనను, కాదంటే నా గెలుపే చిన్నదైపోతుంది.

ఆయన రైఫిల్ కుందా అక్రోటు కర్రతో చేసింది. తుపాకి గొట్టాన్ని పట్టి ఉంచుతూ, ఒక కొస భుజానికి ఆనేటట్టు చేసే కర్ర భాగాన్ని మా దిక్కు పాతవాళ్లు కుందా అంటారు. తేనె రంగు మీద నల్లటి చారలు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. క్లబ్‌లో సభ్యులు వాడుకునే రైఫిళ్లు రెండుండేవి, వాటివీ కర్ర కుందాలే. రెండూ ఆరడుగుల మగవాళ్ల కొలతకు చేసినవి. నేను అయిదడుగుల మనిషిని. భుజానికి ఆనించుకుంటే కన్ను గురి రంధ్రం దాకా అందేది కాదు. మెడ చాపి చాపి ఇరవై తూటాలు పేల్చేసరికి నరాలు పట్టేసేవి. అన్న చొక్కా తొడుక్కొని కుట్టుపని చేయమన్నట్టు ఉండేది నా బతుకు.

ఒక ఆదివారం ధైర్యం చేసి అడిగాను. "సార్, ఒక్క తుపాకికి ఎనకకెళ్లి ఒక అంగుళం కోపిస్తే నాకు మంచిగుంటది."

ఆయన అందరి వైపూ ఒకసారి చూసి, "తుపాకి నీకోసం మారదు టీచరమ్మా. నువ్వే దానికి తగ్గట్టు కావాలె" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కిసకిసా నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయనకు అది అవమానంగా అనిపించలేదు, కట్టెపనిలా అనిపించింది. "గదెంత పని బిడ్డా? కోసిన ముక్కను పారేయం గద. పొడుగోళ్లకు కావాల్నంటే రెండు స్క్రూలతోని మల్ల ఎక్కియ్యొచ్చు. ఆ సారుకు నేను చెప్త" అన్నాడు. పై ఆదివారం సన్న రంపం, చిత్రిక తువ్వాలులో చుట్టుకొని నాతోపాటు బస్సెక్కాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వద్దనకపోవడం నా తప్పే.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. నేను లోపలికి వెళ్లి చెబితే ప్రెసిడెంటే గేటు దాకా వచ్చాడు. తువ్వాలు మూట చూశాడు.

"ఏం దెచ్చినవ్?"

"రంపం, చిత్రిక పటేలా. బిడ్డకు తుపాకి పొడుగైతాందట. చారెడు కట్టె కూడ పోదు, జర సవరిస్తే..."

"సామిల్లుల మొద్దులు మోసేటోనికి అక్రోటు కట్టె సంగతేం ఎరుక? గాడనే నిలవడు. అయినంక నీ బిడ్డను తోల్కపో."

అంతే. గేటు వేసేశారు. ఎండాకాలం, గేటు అవతల చెట్టు లేదు, చేమ లేదు. నేను వెంటనే వెనక్కి తిరిగి బాపుతో ఇంటికి పోవాలి కదా? పోలేదు. ఫీజు కట్టిన పూట, తూటాలు పోతాయని లోపలే ఉండి పేల్చాను. రెండున్నర గంటలు. నా మీద నాకు ఇప్పటికీ కోపం. బయటికి వచ్చేసరికి బాపు తువ్వాలు నెత్తి మీద కప్పుకొని, రంపం ఒళ్లో పెట్టుకొని, మైలురాయి మీద కూర్చున్నాడు. "ఆయన తుపాకి మంచి కట్టె బిడ్డా. గేటు సందులకెళ్లే చూసిన. చార ఎంత సక్కగున్నది!" అన్నాడు.  ఆ తర్వాత ఏనాడూ ఆ సంగతి ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాను. నేను మాత్రం మరిచిపోనని, నీ అక్రోటు కట్టె సంగతి నీకే చూపిస్తానని, పళ్లు కొరుక్కుంటూ ఒట్టు పెట్టుకున్నాను.

సొంత తుపాకి లేనిదే ఆ ఒట్టు తీరదు. లైసెన్సు కోసం ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగాను. వ్యాయామ టీచరుకు తుపాకి ఎందుకమ్మా అని అడగని గుమస్తా లేడు. చివరికి కాగితం చేతికొచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఆట మానేసిన ఒక పెద్దాయన పాత రైఫిల్ అమ్ముతున్నాడంటే పోయి తీసుకున్నాను. గొట్టం బాగుంది, మర బాగుంది. కుందా మాత్రం మళ్లీ ఆరడుగుల మనిషిదే, పైగా మెడ దగ్గర నిలువునా పగులు.

అదే ఊళ్లో, గడియారం దగ్గరి సందులో, తుపాకులు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. లైసెన్సున్న దుకాణం. కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టుకొని, ఏ రకానికి ఆ రకం స్క్రూలను సీసాల్లో దాచేవాడు. నా తుపాకిని తిప్పి తిప్పి చూసి, "గీ కుందా అయిపోయింది బేటీ. కొత్త కర్ర చెక్కించుకో, లేకుంటే చాసిస్ ఏపించుకో" అన్నాడు.

చాసిస్ అంటే నాకు లారీదే తెలుసు. ఆయన ఒక ఫొటో చూపించాడు. అల్యూమినియం దిమ్మెను మర మీద చెక్కి చేసిన నల్లటి చట్రం. కర్ర ఒంపు లేదు, నునుపు లేదు, అన్నీ పలకలూ బెజ్జాలే. గొట్టాన్ని తీసి దాంట్లో కూర్చోబెట్టి రెండు బోల్టులు బిగిస్తే సరి. వెనక భాగం ముందుకూ వెనక్కూ జరుగుతుంది, చెంప ఆనించే పలక పైకీ కిందికీ జరుగుతుంది. అన్ని స్క్రూలూ తిప్పడానికి ఒకటే చిన్న ఎలెన్ కీ.

"చూసేటందుకు ఏం సక్కగ లేదు గద చాచా."

"లక్డీకి జాన్ ఉన్నది బేటీ. వానొస్తే ఉబ్బుతది, ఎండొస్తే గుంజుకుంటది. గొట్టం కింద ఎంటికంత జాగా ఉండాలె. కర్ర ఉబ్బి గొట్టానికి తగిలితే గుండు ఎటు పోతదో దేవునికే ఎరుక. గిది బేజాన్, పానం లేనిది. దీనికి వాన లేదు, ఎండ లేదు. ఏ ఫికర్ లేదు."

అక్కడే కొనేదాన్నే. కానీ ఇంట్లో ఒక దుంగ ఉంది. గేటు దగ్గర నిలబడి వచ్చిన ఏడాదే బాపు మిల్లులో గట్టికర్రకు పేరుపడ్డ ఒక జిట్రేగి చెట్టు దుంగను అడిగి తెచ్చుకొని, చెక్కగా కోసి, దూలాల మీద ఆరబెట్టాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకరోజు దించి దుమ్ము తుడుస్తుంటే దాని మీద పెన్సిల్‌తో గీసిన కుందా బొమ్మ కనపడింది. నా చెయ్యి పొడవు ఎప్పుడు కొలుచుకున్నాడో, కొలత సరిగ్గా నాదే.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చి రెండు సంగతులూ ఆయన ముందు పెట్టాను. అప్పటికి వానలు మొదలయ్యాయి. దసరాకు మూడు నెలలు కూడా లేవు. బాపు చెక్కను దించి వేలితో కొట్టి విన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గోటితో గీరాడు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చేద్దాం బిడ్డా అంటే కాదనే ధైర్యం నాకు లేదు.

"లోపల ఇంక పచ్చిగనే ఉన్నది" అన్నాడు చివరికి. "ఇంకొక ఎండకాలం తినాలె. ఇప్పుడు చెక్కితే దసరాకల్లా ఒంకర పోతది. నీకు ఆ దినం నాడే కావాలె గద?"

"ఆ దినం నాడే కావాలె బాపు."

"అట్లయితే అల్మోనియందే తీస్కో."

ఆ మాట ఆయన నోటితోనే అనిపించాను. ముప్పై ఏళ్లు కట్టెతో బతికిన మనిషిని పట్టుకొని, నీ కట్టె నాకు పనికిరాదని ఆయన చేతనే చెప్పించాను.  అయినా సరే, ఇంకో ఏడాది ఆగుదామని మాత్రం అనలేదు. ఆ పెద్దమనిషి అప్పటికే అరవై దాటాడు. వచ్చే ఏడు నాకు చేతకాదు, మీరు ఆడుకోండి అని తప్పుకుంటే నేనెవరిని ఓడించాలి? నా స్కూటీ అమ్మేసి చాసిస్ తెప్పించుకున్నాను. బడికి బస్సులో తిరగడం మొదలుపెట్టాను.

చాచా దగ్గరుండి బిగించాడు. దుకాణం వెనక చాప మీద బోర్లా పడుకోమన్నాడు. నేను భుజానికి ఆనించుకోవడం, ఆయన ఎలెన్ కీ తిప్పడం. జర వెనక్కి, జర పైకి. ఉన్నట్టుండి నా కన్నుకు ఎదురుగా గురి రంధ్రం గుండ్రంగా వచ్చి నిలబడింది. మెడ చాపలేదు, భుజం ఎత్తలేదు. అన్నేళ్లలో ఒక తుపాకి నా ఒళ్లును కొలిచి అడగడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది, చాచా చూడకుండా చున్నీతో తుడుచుకున్నాను.

ఇంటికి తెచ్చాక బాపు చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. మూల నుంచి చూశాడు. చాచా చెప్పిన పరీక్ష ఒకటి ఆయనకు చెప్పాను. గొట్టానికీ కింది చట్రానికీ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి జరిపితే, ఎక్కడా తగలకుండా ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. బాపు జేబులోంచి బస్ టికెట్ తీశాడు. మడత పెట్టి దూర్చాడు. జారుకుంటూ పోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ దూర్చాడు. "ఏం సక్కదనం లేదు గని, మాట మీద నిలవడేటట్టున్నది" అన్నాడు. ఆ వారంలోనే జిట్రేగి చెక్కను కోసి తుపాకికి పెట్టె చేశాడు. పెన్సిల్ బొమ్మ పెట్టె లోపలి వైపు అట్లాగే ఉండిపోయింది.

క్లబ్‌లో పెట్టె తెరిచిన రోజు పండుగే పండుగ. ప్రెసిడెంట్ వంగి చూసి, "ఏందిది టీచరమ్మా? లారీ చాసిసా, నల్లా పైపా?" అన్నాడు. రేకు తుపాకి అని పేరు పెట్టారు. నేను టీ గ్లాసు పట్టుకొని నిలబడితే ఎవడో ఒకడు, రేకు తుపాకికి తుప్పు పడుతుందేమో ఆయిల్ పెట్టమ్మా అనేవాడు. అనుకోండ్రా, అనుకోండి. నేను అట్టలు పేల్చి, వాటిని కుప్పగా బల్ల మీద పెట్టి వచ్చేదాన్ని. నెల తిరిగేసరికి నా గుండ్లన్నీ ఒకే బెజ్జంలో దూరిపోవడం మొదలైంది. నవ్వేవాళ్లు తగ్గారు. ప్రెసిడెంట్ మాత్రం నవ్వు పెంచాడు. నేను వెళ్లిపోయాక నా అట్టలు తీసి వెలుతురుకు పెట్టి చూస్తున్నాడని వాచ్‌మన్ చెప్పినప్పుడు నా కడుపు కొంచెం చల్లబడింది.

ఆ ఏడు ఆయనకు పంతం పుట్టింది. రేకు ముందు కర్ర అంటే ఏమిటో చూపించాలని, ఏనాటిదో పాత పాలిష్ అంతా గరుకు కాగితంతో గీకించాడు. పైనే కాదు, గొట్టం కూర్చునే గాడిలో కూడా. దసరా పూజ అయ్యాక కొత్త పాలిష్ పెడతాడట. పూజలో ఆయుధం దాని సొంత రంగుతో ఉండాలట. గీకిన కర్ర పాలిపోయి, బట్టల్లేని మనిషిలా కనపడింది నాకు.

దసరా నాడు క్లబ్‌లో ఆయుధ పూజ. ఆ ఒక్కరోజు గేటు అందరికీ తెరిచే ఉంటుంది, పులిహోర పెడతారు. మాది చర్చికి పోయే ఇల్లు. అయినా తెల్లవారితే పోటీ, తుపాకులన్నీ ఆ సాయంత్రం తెచ్చి వరసలో పెట్టాల్సిందే. బాపు తానూ వస్తానన్నాడు. పెట్టె ఆయనే మోశాడు. గేటులోంచి లోపలికి నడుస్తుంటే నేను ఆయన మొహం చూశాను. చెట్లకు కాసిన బత్తాయిలు చూస్తూ నడిచాడు, అంతే.

తెల్లగుడ్డ పరిచి తుపాకులు వరసగా పెట్టారు. నా చాసిస్‌కు కూడా ప్రెసిడెంటే నవ్వుతూ కుంకుమ బొట్టు పెట్టాడు. ఇక ఆయన తుపాకికి వాళ్లింటి పద్ధతి ఒకటుంది. తాతల నాటి వేట తుపాకుల నుంచి వస్తున్నది. కొత్తగుడ్డను పసుపునీళ్లలో ముంచి, కుందాకు ఆ కొస నుంచి ఈ కొసకు చుట్టి, పైన బంతిపూల దండ వేసి, తెల్లారేదాకా విప్పకూడదు. అన్నేళ్లూ పాలిష్ ఉంది కాబట్టి నీళ్లు పైనుంచి జారిపోయేవి. ఈ ఏడు పాలిష్ లేదు. గుడ్డ లోంచి పసుపు నీళ్లు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. ఆయన రెండు చేతులతో ఒత్తి ఒత్తి చుడుతున్నాడు. ఆయనకన్నా తెలిసినవాడు అక్కడ లేడు కాబట్టి చెప్పేవాడూ లేడు.

నా పక్కన బాపు ఒక అడుగు ముందుకు వేశాడు. "కట్టె నీళ్లు తాగుతాంది బిడ్డా" అన్నాడు మెల్లగా. "గీకిన కట్టె. తెల్లారేసరికి ఉబ్బి గొట్టాన్ని పట్టుకుంటది."

నేను గబుక్కున ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను. "నిన్ను గేటు అవుతల నిలవెట్టిండు గద బాపు? గేటు అవుతలి మనిషి మాట లోపటోళ్లకు ఇనవడది. ఊకో."

బాపు ఆగాడు.  ఇద్దరం వెళ్లి పులిహోర తిన్నాం. అంత కమ్మటి పులిహోర నేను మళ్లీ ఎక్కడా తినలేదు. పాపమని అనిపించిందా అని అడిగితే, లేదు. ఒక్క రవ్వ కూడా లేదు.

తెల్లవారి పోటీ. బోర్లా పడుకొని అరవై తూటాలు. నా చాప పక్కన ఆయన చాప. గుడ్డ విప్పిన కుందా పసుపుపచ్చగా మెరుస్తోంది, అందరూ దండం పెట్టుకున్నారు. మొదట సరిచూసుకునే తూటాలు పేల్చాడు. గురి మారిందని తెలిసి గురి స్క్రూ తిప్పుకున్నాడు. మొదటి పది బాగానే తగిలాయి. ఆ తర్వాత గొట్టం వేడెక్కి ఉబ్బిన కర్ర మీద ఒత్తింది. అప్పుడు మొదలైంది పక్కన టిక్కు టిక్కుమని చప్పుడు. గురిని కిందికి తిప్పుతున్నాడు. పేలుస్తున్నాడు. ఎడమకు తిప్పుతున్నాడు. పేలుస్తున్నాడు. దూరదర్శినిలోకి చూసి, "ఈ తూటాలు మంచియి కావు" అన్నాడు. కొంచెంసేపటికి, "గాలి తిరిగింది" అన్నాడు. గాలీ లేదు, పాడూ లేదు. బత్తాయి ఆకు కదలడం లేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే చెంప పలక మీద నుంచి జరుగుతుందని ఆపుకున్నాను. ఆ టిక్కు వినపడిన ప్రతిసారీ, తువ్వాలు కప్పుకొని మైలురాయి మీద కూర్చున్న మనిషిని తలుచుకొని, ఊపిరి బిగబట్టి, నొక్కాను. అరవై సార్లూ ఆయన కోసమే నొక్కాను.

నేను గెలిచాను. ఆయన నాలుగో చోటికి పోయాడు. అట్టలు లెక్కపెట్టినవాళ్లు రెండుసార్లు లెక్కపెట్టారు. రాష్ట్ర పోటీకి నా పేరు రాస్తుంటే ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ రేకు తుపాకి అని కూడా అనలేదు.

అందరూ లేచాక ప్రెసిడెంట్ నా దగ్గరికి వచ్చాడు. నడుము పట్టుకొని నిలబడ్డాడు, ఒక్క పూటలో ముసలితనం వచ్చినట్టుంది. "టీచరమ్మా, జర నీ తుపాకి పట్టుకొని చూడొచ్చునా?" అన్నాడు. చూడండి సార్ అన్నాను. నా చాప మీదే బోర్లా పడుకొని భుజానికి ఆనించుకున్నాడు. ఆరడుగుల మనిషి, మోచేతులు ఛాతీ కింద ఇరుక్కున్నాయి, ముక్కు పోయి గురి రంధ్రానికి తగిలింది.

"పొట్టిగున్నది. జర పొడుగు చెయ్యరాదా?"

ఎలెన్ కీ నా ట్రాక్ ప్యాంటు జేబులో ఉంది. రెండు స్క్రూల పని. నేను చెయ్యి జేబులో పెట్టి కీని గట్టిగా పట్టుకొని, నాలుగేళ్ల నుంచి నోట్లో నానబెట్టుకున్న మాట అన్నాను. "తుపాకి మీకోసం మారదు సార్. మీరే దానికి తగ్గట్టు కావాలె."

అని, ఆయన మొహంలోకి చూశాను.

ఆయన తల ఊపాడు. "గది నిజమే. మంచి మాట" అన్నాడు.

ఛీ! ఆయనకు గుర్తే లేదు. నా నెత్తిన కొట్టిన మాటను, కొట్టిన చోటే మరిచిపోయి పోయాడు. దాన్ని ఇన్నేళ్లు నేనొక్కదాన్నే మోశాను. గెలిచిన సంతోషమంతా ఆవిరైపోయి, అరికాలి మంట నెత్తికెక్కింది. తుపాకి లాక్కొని పెట్టెలో పెట్టి మూత వేశాను.

అంతవరకు బాపు వెనక బత్తాయి చెట్టు కింద కూర్చొని ఉన్నాడు. లేచి, మెల్లగా ప్రెసిడెంట్ తుపాకి పెట్టిన బల్ల దగ్గరికి వచ్చాడు. "పటేలా, జర ముట్టుకోవచ్చునా?" అన్నాడు. ఆయన ఏదో ధ్యాసలో చెయ్యి ఊపాడు. బాపు జేబులోంచి బస్ టికెట్ తీసి, మడత పెట్టి, గొట్టానికీ కర్రకూ మధ్య దూర్చాడు. వేలెడు కూడా పోలేదు. ఆగిపోయింది.

"ఉబ్బి పట్టుకున్నది పటేలా. గీకిన కట్టెకు పచ్చిగుడ్డ సుట్టిండ్రు, రాత్రంత నీళ్లు తాగింది. ఎండకు పెట్టకుండ్రి, పగుల్తది. నీడకు ఆరనియ్యుండ్రి. పది పన్నెండు దినాలల్ల మల్ల మామూలైతది."

ప్రెసిడెంట్ టికెట్ వైపు చూశాడు, బాపు వైపు చూశాడు. "గుడ్డ సుట్టింది నీకెట్ల ఎరుక?"

"నిన్న ఈడనే ఉన్న గద. సూసిన."

"సూసినవా?" ఆయన గొంతు లేచింది. చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. "సూసి నోరు మూసుకొని కూసున్నవా? ఒక్క మాట చెప్పొద్దా నాకు?"

బాపు టికెట్‌ను సాపు చేసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కోపంగా లేడు, వెటకారంగా లేడు. దుంగ కొలత చెప్పినట్టే చెప్పాడు.

"సామిల్లుల మొద్దులు మోసేటోణ్ని పటేలా. అక్రోటు కట్టె సంగతి నాకేం ఎరుక?"

  ప్రెసిడెంట్ తల తిప్పి గేటు వైపు చూశాడు, మళ్లీ బాపు మొహంలోకి చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఈ మాట ఆయనకు గుర్తుంది. నేను నాలుగేళ్లు చూడాలనుకున్న మొహం అదే. దాన్ని నాకు చూపించింది నా అరవై తూటాలు కావు.

బాపు పెట్టె భుజాన పెట్టుకున్నాడు. ఇద్దరం గేటు దాటి హైవే దాకా నడిచాం. పెట్టె నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు, ముందు రోజు సాయంత్రం ఆయన చొక్కా చెయ్యి పట్టుకోవడం గుర్తొచ్చింది. ఆపింది నేనే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ చేతిలో గుంజులాట ఏమీ లేదు. నేను పట్టుకునేసరికే ఆయన ఆగి ఉన్నాడు.